వాడేసిన ఇంజన్ ఆయిల్ రిపోర్టు ఎలా చదవాలి? ఎం3 నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గర ఉన్నది 2009 బీఎండబ్ల్యూ ఎం3, ఈ92 కూపే. బానెట్ కింద ఎస్65 అనే నాలుగు లీటర్ల వీ8, 8,300 ఆర్‌పీఎం దగ్గర 414 హార్స్‌పవర్. డాలస్‌లో ఉంటాను. ఏడాదికి మూడు నాలుగుసార్లు రేస్ ట్రాక్‌కి వెళ్తాను, మిగతా రోజుల్లో ఆఫీసుకీ కూరగాయలకీ అదే బండి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఒక చిన్న సీసాలో శాంపిల్ పట్టి ల్యాబ్‌కి పంపడం ఏడేళ్లుగా అలవాటు. రిపోర్టు చేతికొచ్చాక ఏం చూడాలో తెలియక నాకు ఫోటోలు పంపేవాళ్లు ఎక్కువయ్యారు, అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఎస్65 ఇంజన్‌వే, ఎందుకంటే నాకు చేతులు నల్లబడేదాకా తెలిసింది అదొక్కటే. చదివే పద్ధతి మాత్రం ఏ ఇంజన్‌కైనా పనికొస్తుంది.

ఈ టెస్టులో అసలు ఏం చేస్తారు?

ఇంజన్ లోపల అరిగిన ప్రతి భాగం తన పొడిని ఆయిల్‌లోనే వదులుతుంది. ల్యాబ్‌లో ఆ ఆయిల్‌ని ప్లాస్మా మంటలోకి పంపుతారు. ఒక్కో లోహం మండేటప్పుడు తనదైన రంగు కాంతి ఇస్తుంది, ఆ కాంతిని కొలిచి ఏ లోహం ఎంతుందో చెబుతారు. దీంతోపాటు చిక్కదనం, పెట్రోలు ఎంత కలిసింది, నీళ్లున్నాయా, మడ్డి ఎంతుంది అన్నవి విడిగా చూస్తారు. ఇదేమీ కొత్త విద్య కాదు, 1940ల్లోనే అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్వేవాళ్లు డీజిల్ ఇంజన్లకి ఇలాంటి పరీక్ష మొదలుపెట్టారు. తర్వాత సైనిక విమానాలకి పాకింది. మనలాంటి మామూలు కార్లవాళ్లకి ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌లోని బ్లాక్‌స్టోన్ లాంటి ల్యాబుల వల్ల అందుబాటులోకి వచ్చింది.

పీపీఎం అంటే ఎంత?

పది లక్షల్లో ఒక వంతు. 10,000 పీపీఎం అయితే ఒక శాతం. ఎస్65లో 8.8 లీటర్ల ఆయిల్ పడుతుంది. అంత ఆయిల్‌లో 10 పీపీఎం సీసం ఉందంటే మొత్తం కలిపినా గ్రాములో పదో వంతు కూడా ఉండదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. నాలుగు లీటర్ల ఆయిల్ పట్టే చిన్న ఇంజన్‌లో అంతే లోహం అరిగితే రిపోర్టులో అంకె రెట్టింపు కంటే ఎక్కువ కనిపిస్తుంది. అందుకే పక్కింటాయన కారు అంకెలు చూసి మన కారుకి తీర్పు చెప్పకూడదు.

ఎస్65 వాళ్లంతా సీసం గురించే ఎందుకు మాట్లాడతారు?

కనెక్టింగ్ రాడ్ బేరింగుల వల్ల, అంటే పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే రాడ్డు క్రాంక్‌ని పట్టుకునే చోట ఉండే బేరింగులు. ఈ ఇంజన్‌కి అందరికీ తెలిసిన బలహీనత అదే. ఎనిమిది రాడ్లు, ఒక్కోదానికి రెండు చొప్పున పదహారు బేరింగు చిప్పలు. పాత కార్లలో వచ్చిన చిప్ప మూడు పొరలది: వెనక ఉక్కు, దాని మీద రాగి, సీసం కలిసిన పొర, అన్నిటికన్నా పైన సీసం ఎక్కువగా ఉన్న మెత్తటి పలుచని పూత. క్రాంక్ షాఫ్ట్‌కి, చిప్పకి మధ్య ఆయిల్ పొర తెగినప్పుడల్లా ముందుగా అరిగేది ఆ పై పూతే. అంటే రిపోర్టులో ముందు సీసం పెరుగుతుంది. పూత పోయి కింది పొర బయటపడ్డాక రాగి కూడా దాని వెంట పెరుగుతుంది. సీసం ముందు, రాగి తర్వాత, ఈ వరుస గుర్తుంచుకోండి. రిపోర్టులో నేను మొట్టమొదట వేలు పెట్టి చూసేది ఆ రెండు గళ్లే.

ఎందుకు అరుగుతాయన్నదానికి ఓనర్లు రకరకాల కారణాలు చెబుతారు. బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య సందు తక్కువ ఇచ్చారని కొందరు, 10డబ్ల్యూ-60 లాంటి చిక్కటి ఆయిల్ చలిలో అక్కడికి సరిగా చేరదని కొందరు. ఆ వాదనల్లోకి నేను వెళ్లను కానీ ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను, ఆయిల్ వేడెక్కకముందు బండిని గుంజకండి. ఈ కారు టాకోమీటర్ చుట్టూ పసుపు, ఎరుపు లైట్లు ఊరికే పెట్టలేదు. ఆయిల్ వేడెక్కేకొద్దీ అవి పైకి జరుగుతూ ఎంతవరకు తొక్కొచ్చో చూపిస్తాయి. లైట్లు జరిగేదాకా ఆగడానికి పది నిమిషాలు పడుతుంది, అంతే.

నా రిపోర్టులో సీసం ఒకటో రెండో, కాబట్టి నా బేరింగులు బాగున్నట్టేనా?

ముందు మీ కారు ఏ ఏడాదిదో చెప్పండి. యూరప్‌లో పాత వాహనాల వ్యర్థాల చట్టం కింద ఇంజన్ బేరింగుల్లో సీసం వాడకానికి ఇచ్చిన మినహాయింపు 2011 జులై 1తో ముగిసింది. ఆ ప్రాంతంలోనే ఎస్65 చిప్పలు సీసం లేని అల్యూమినియం, తగరం రకానికి మారాయి. ఓనర్లు వీటిని పార్టు నంబర్ల చివరి అంకెలతో పిలుస్తారు, పాతవి 88/89, కొత్తవి 702/703. మీ ఇంజన్‌లో ఉన్నది 702/703 అయితే ఆ చిప్ప పూర్తిగా అరిగిపోయినా రిపోర్టులో సీసం రాదు! మీరు చూడాల్సింది అల్యూమినియం, తగరం. మళ్లీ అల్యూమినియంతో ఒక చిక్కు, ఈ ఇంజన్ బ్లాకు, పిస్టన్లు కూడా అల్యూమినియమే. కాబట్టి కొత్త చిప్పలున్న కారులో బేరింగు అరుగుదల రిపోర్టులో పసిగట్టడం పాతదానికంటే కష్టం. తగరం సున్నా నుంచి రెండుకో మూడుకో వెళ్లిందంటే చిన్న అంకె కదా అని వదిలేయకండి.

2013 కారు ఓనర్ ఒకాయన "మూడేళ్లుగా సీసం సున్నా" అని ఎంతో ధైర్యంగా ఉండేవాడు. సున్నా రాక ఏం వస్తుంది, అందులో సీసమే లేదు. మన ఇంజన్‌లో ఏ భాగం ఏ లోహంతో చేశారో తెలియకుండా రిపోర్టు చదవడమంటే అడ్రసు లేని ఉత్తరం పట్టుకుని ఊరంతా తిరగడమే. పాత కారు కొన్నవాళ్లయితే బేరింగులు ఎప్పుడైనా మార్చారా, మారిస్తే ఏ కంపెనీవి వేశారు అన్న బిల్లు సంపాదించండి, బయటి కంపెనీల చిప్పల్లో కొన్నిటికి మళ్లీ సీసం పూత ఉంటుంది.

అన్నా, రాగి ఒక్కటే 40 దాటింది, సీసం మామూలుగానే ఉంది. టెన్షన్ పడాలా?

చాలాసార్లు అక్కర్లేదు. రాగి బేరింగుల్లోనే కాదు, ఇత్తడి, కంచు బుష్షుల్లో ఉంటుంది, కొన్ని కార్ల ఆయిల్ కూలర్‌లోనూ ఉంటుంది. కొత్త కూలర్ వేసినప్పుడు, లేదా ఒక రకం ఆయిల్ నుంచి ఇంకో రకానికి మారినప్పుడు, ఆయిల్‌లోని రసాయనాలు రాగి ఉపరితలంతో కలిసి కొంత రాగిని కరిగించి తెస్తాయి. ఇది అరుగుదల కాదు. అలాంటి రాగి ఒక్కసారిగా ఎగిరి, తర్వాతి రెండు మూడు ఆయిళ్లలో దానంతట అదే దిగిపోతుంది, పక్కన సీసం, తగరం, ఇనుము కదలవు. రాగితోపాటు సీసమో తగరమో కూడా కదిలితే మాత్రం అది వేరే కథ, కింద నా కారు సంగతి చదవండి.

ఇనుము ఎంత ఉంటే ఎక్కువ?

ఇనుము అన్నిచోట్ల నుంచీ వస్తుంది. క్యామ్‌షాఫ్ట్‌లు, టైమింగ్ చైన్లు, క్రాంక్, ఆయిల్ పంపు. ఎస్65లో సిలిండర్ల లోపలి గోడ అల్యూమినియం-సిలికానే, దానిలో రుద్దుకునే పిస్టన్ల పక్కలకి ఇనుప పూత ఉంటుంది, అదొకటి. అన్ని మూలాలున్న లోహానికి ఒకే గీత గీసి ఇది దాటితే ప్రమాదం అనడం నాకు నచ్చదు. ఎన్ని మైళ్లకి ఎంత అన్నది చూడండి. నా కారులో 5,000 మైళ్లకి 10 నుంచి 12 వరకు వస్తుంది, అంటే వెయ్యి మైళ్లకి రెండు చొప్పున. 2,000 మైళ్లకే 12 వచ్చిందంటే అప్పుడు ఆలోచిస్తాను. అది కూడా ఆ 2,000 మైళ్లలో ట్రాక్ ఎంత, చలికాలంలో చిన్న చిన్న ట్రిప్పులు ఎన్ని అని లెక్కేసుకున్నాకే. బండి నెలల తరబడి గ్యారేజీలో నిలిచిపోయినా లోపల సన్నటి తుప్పు పట్టి ఇనుము పెరుగుతుంది.

సిలికాన్ ఎక్కువొచ్చింది. దుమ్మేనా?

కావచ్చు. దుమ్ము అంటే ఇసుకే, అందులో సిలికాన్‌తోపాటు అల్యూమినియం కూడా ఉంటుంది, కాబట్టి సిలికాన్, అల్యూమినియం, ఇనుము మూడూ కలిసి పెరిగితే ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. ఫిల్టర్ డబ్బా మూత సరిగా కూర్చోకపోయినా, ఇన్‌టేక్ పైపుకి పగులున్నా చాలు. నూనె రాసి వాడే కాటన్ ఫిల్టర్లు వేసినవాళ్లు ఈ గడి మీద ఒక కన్నేసి ఉంచాలి.

సిలికాన్ ఒక్కటే పెరిగి మిగతావి కదలకపోతే ఈ మధ్య ఏమైనా విప్పి బిగించారా అని గుర్తు చేసుకోండి. ఆయిల్ ఛాంబర్‌కో వాల్వ్ కవర్‌కో పూసే సీలెంట్‌లో సిలికాన్ ఉంటుంది, అది కొన్నాళ్లపాటు ఆయిల్‌లోకి దిగుతూనే ఉంటుంది. ఆయిల్ నురగ రాకుండా కలిపే మందులో కూడా కాస్త ఉంటుంది. ఒకసారి నా రిపోర్టులో సిలికాన్ మామూలు కంటే మూడు రెట్లొచ్చింది. రెండు రోజులు బుర్ర పగలగొట్టుకున్నాక తెలిసింది, ఆ రోజు శాంపిల్ పట్టిన గరాటు పెరటి సామాన్ల మధ్య పడి ఉన్నది. మట్టి ఇంజన్‌లోది కాదు, గరాటులోది.

చిక్కదనం అంకె ఎలా చూడాలి?

100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎన్ని సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) అన్నది చూడండి. ఆయిల్ గ్రేడ్లు నిర్ణయించే ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం లెక్క ప్రకారం 60 గ్రేడ్ అంటే 21.9 నుంచి 26.1 లోపు, 50 గ్రేడ్ అంటే 16.3 నుంచి 21.9 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు. 10డబ్ల్యూ-60 లాంటి ఆయిల్‌లో 10కీ 60కీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి చిక్కదనం నిలబెట్టే పాలిమర్లు చాలా కలుపుతారు, గేర్లలా నలిపే చోట్ల ఆ పొడుగాటి అణువులు తెగిపోతాయి, ఆయిల్ పలచబడుతుంది. రెండు ట్రాక్ రోజుల తర్వాత అది 50 గ్రేడ్‌లోకి జారితే నేను కంగారు పడను. 40 గ్రేడ్ దగ్గరికి వచ్చిందంటే మాత్రం పెట్రోలు కలిసిందా అని వెంటనే పక్క గడి చూస్తాను. తిరగబడి కొత్త ఆయిల్ కంటే చిక్కబడిందంటే అది వేడికి ఉడికిపోయిందని, లేదా మడ్డి ఎక్కువైందని.

ఈ గడి నాకు ఇంకో రకంగా అక్కరకొచ్చింది. కారు కొన్న కొత్తలో ఒక షాపులో ఆయిల్ మార్పించాను. బిల్లులో 10డబ్ల్యూ-60 అని స్పష్టంగా రాసి డబ్బులు తీసుకున్నారు. 3,000 మైళ్లకి రిపోర్టు వస్తే చిక్కదనం 11 దగ్గరుంది, పెట్రోలు జాడ లేదు. ఎంత నలిగినా 60 గ్రేడ్ ఆయిల్ అలా దిగదు. పైగా మాలిబ్డినం, బోరాన్ అంకెలు ఆ ఆయిల్ కొత్త శాంపిల్‌తో ఏమాత్రం కలవలేదు. నా ఇంజన్‌లో పోసింది ఏదో మామూలు 30 గ్రేడ్ ఆయిల్. 8,000 ఆర్‌పీఎం దాటి తిరిగే ఇంజన్‌లో, ఆ ఆయిల్‌తో, నేను ఒక ట్రాక్ రోజు కూడా చేశాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అప్పటి నుంచి ఆయిల్ నా చేతులతో నేనే మారుస్తున్నాను.

జింకు, ఫాస్ఫరస్ తగ్గలేదు. అంటే ఆయిల్‌లో ఇంకా బలం ఉన్నట్టేనా?

కాదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. అరుగుదల ఆపే జింకు మందు పని చేసి, విరిగిపోయి, దాని శక్తి అయిపోయినా ఆ జింకు పరమాణువులు ఆయిల్‌లోనే ఉంటాయి. మంటలో కొలిచేది పరమాణువుల్ని, మందు బతికి ఉందా లేదా అన్నది ఆ యంత్రానికి కనపడదు. జింకు, ఫాస్ఫరస్, కాల్షియం, మెగ్నీషియం, మాలిబ్డినం ఇవన్నీ ఆయిల్ కంపెనీ కలిపిన వంట దినుసులు. సీసాలో ఉన్నదే ఇంజన్‌లో పోశారా అని పోల్చుకోవడానికి బాగా పనికొస్తాయి, నా కథ చదివారు కదా. అందుకే కొత్త ఆయిల్ శాంపిల్ కూడా ఒక్కసారి పంపి దగ్గర పెట్టుకోండి.

మరి ఆయిల్ బలం తెలియాలంటే టీబీఎన్ చేయించాలా?

టీబీఎన్ అంటే పెట్రోలు మండి పుట్టే ఆమ్లాల్ని చంపడానికి ఆయిల్‌లో మిగిలిన క్షారం ఎంత అన్నది. 15,000 మైళ్ల దాకా ఆయిల్ నడపాలనుకునేవాళ్లకి అది ముఖ్యం, అలాంటప్పుడు ఆమ్లం ఎంతుందో చెప్పే టీఏఎన్ కూడా కలిపి చేయించాలి. రెండు అంకెలు ఒకదాన్నొకటి దాటాయంటే ఆయిల్ పని అయిపోయింది. 5,000 మైళ్లకే మార్చేవాళ్లకి ఆ డబ్బు దండగ అని నా అభిప్రాయం.

పెట్రోలు ఎంత కలిస్తే ప్రమాదం?

రెండు శాతం దాటితే ఎందుకో వెతకాలి, అయిదు దగ్గరికొస్తే ఆయిల్ వెంటనే మార్చాలి. ఎస్65లో ఇది తక్కువ, ఎందుకంటే పెట్రోలు ఇన్‌టేక్ పోర్టులో చల్లుతుంది. సిలిండర్‌లోకి నేరుగా చిమ్మే టర్బో ఇంజన్లలో అసలు సమస్య ఇదే. హైదరాబాద్‌లో మా బావమరిది పోలో జీటీ టీఎస్ఐ నడుపుతాడు, ఇంటి నుంచి ఆఫీసు నాలుగు కిలోమీటర్లు, ఆయిల్ వేడెక్కేలోపే ఆఫీసొచ్చేస్తుంది. గోడలకి అంటుకున్న పెట్రోలు రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్ ఛాంబర్‌లో చేరుతుంది, ఆవిరయ్యేంత వేడి ఎప్పుడూ రాదు. "బావా, ఆయిల్ తగ్గట్లేదు, పైగా పెరుగుతోంది" అని సంతోషంగా చెప్పాడు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడరా అన్నాను.

ఒక జాగ్రత్త. కొన్ని ల్యాబులు ఆయిల్ ఏ వేడి దగ్గర అంటుకుంటుందో చూసి దాన్నిబట్టి పెట్రోలు శాతం అంచనా వేస్తాయి. కొన్ని గ్యాస్ క్రోమటోగ్రఫీతో నేరుగా కొలుస్తాయి. మొదటి పద్ధతిలో అంకె అసలుకంటే తక్కువ కనపడొచ్చు. నేరుగా చిమ్మే ఇంజన్ అయితే రెండో పద్ధతి అడిగి చేయించుకోండి. శాంపిల్ తీసే రోజు గంటసేపు హైవే మీద తిప్పితే ఉన్న పెట్రోలులో చాలావరకు ఎగిరిపోతుంది, రిపోర్టు ముచ్చటగా వస్తుంది, నిజం మాత్రం దాక్కుంటుంది. రోజూ ఎలా నడుపుతారో అలాగే నడిపి తీయండి.

సోడియం, పొటాషియం కనపడితే?

కూలెంట్ అనుమానించండి. నీళ్లు సున్నా అని రిపోర్టులో ఉంది కదా అని వదిలేయకండి, వేడి ఆయిల్‌లో నీళ్లు ఆవిరైపోతాయి, కూలెంట్‌లోని సోడియం, పొటాషియం మాత్రం మిగిలిపోతాయి. కొన్ని ఆయిళ్లలో సోడియం కంపెనీయే కలుపుతుంది, కాబట్టి ఇక్కడ కూడా కొత్త ఆయిల్ శాంపిల్‌తో పోల్చాలి. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతూ, రిపోర్టులో ఇవి పెరుగుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ చూపించేదాకా బండి ట్రాక్‌కి తీసుకెళ్లకండి. కూలెంట్ కలిసిన ఆయిల్ బేరింగుల్ని చాలా త్వరగా తినేస్తుంది.

శాంపిల్ ఎలా తీయాలి?

బండి వేడిగా ఉన్నప్పుడు తీయాలి, లోహపు పొడి అంతా ఆయిల్‌లో కలిసి తిరుగుతూ ఉంటుంది. డ్రెయిన్ నట్టు చుట్టూ బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడవండి. నట్టు తీయగానే వచ్చే మొదటి ధారలో అడుగున పేరుకున్న మడ్డి ఉంటుంది, దాన్ని వదిలేయండి. ఒక లీటరో లీటరున్నరో పోయాక, ధార మధ్యలో సీసా పెట్టి పట్టండి. చివరి చుక్కలు వద్దు. చేతికి మందపాటి గ్లవ్ వేసుకోండి, కాచిన నూనెలాగే కాలుతుంది. సీసా మీద తేదీ, కారు మైళ్లు, ఆయిల్ మీద నడిచిన మైళ్లు, మధ్యలో ఎంత ఆయిల్ కలిపారు అన్నది అప్పటికప్పుడే రాయండి. ఎస్65 ఆయిల్ బాగానే తాగుతుంది, మధ్యలో రెండు లీటర్లు కొత్త ఆయిల్ కలిపారంటే లోహాలన్నీ ఆ మేరకు పలచబడి తక్కువ కనపడతాయి. ఆ సంగతి రాయకపోతే రిపోర్టు మిమ్మల్నే మోసం చేస్తుంది.

రిపోర్టు శుభ్రంగా వచ్చింది. ఇక నిశ్చింతగా ఉండొచ్చా?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ మంట యంత్రం చూడగలిగేది మహా అయితే అయిదు నుంచి ఎనిమిది మైక్రాన్ల సైజు రేణువులనే. మన తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అనుకుంటే అందులో పదో వంతు. నెమ్మదిగా అరిగే బేరింగు సన్నటి పొడి వదులుతుంది, అది రిపోర్టులో వస్తుంది. అలసిపోయి పెచ్చులూడే బేరింగు పెద్ద రేకులు వదులుతుంది. అవి కంటికి కనిపించేంత పెద్దవి, కానీ ఆ యంత్రానికి కనిపించవు, ఎందుకంటే అంత పెద్దవి మంటలో పూర్తిగా మండవు, చాలావరకు ఫిల్టర్‌లో ఇరుక్కుని సీసాలోకే రావు. అంటే ఇంజన్ చావుబతుకుల్లో ఉన్నప్పుడు కూడా రిపోర్టు బాగుండొచ్చు. నాతోపాటు ట్రాక్‌కి వచ్చే ఒకతని ఎం3కి అచ్చంగా అదే జరిగింది. సీసం 3, రాగి 8, ల్యాబ్‌వాళ్లు అంతా బాగుందని రాశారు. ఆరు వారాలకి మలుపులోంచి బయటికొస్తుండగా రాడ్ బేరింగు తిరిగిపోయి ఇంజన్ ఆగింది.

అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ విప్పి చూడండి. ఈ కారుది డబ్బా ఫిల్టర్ కాదు, లోపల కాగితం మడతల గుళిక మాత్రమే ఉంటుంది, కాబట్టి డబ్బా కోసే పని కూడా లేదు. నేను చేసేది ఇది: గుళికని రాత్రంతా వాలుగా పెట్టి ఆయిల్ కారనిస్తాను. పొద్దున బ్లేడుతో కాగితం రెండు అంచులూ కోసి, మడతల్ని అకార్డియన్‌లా విప్పి, తెల్లటి అట్ట మీద ఎండలో పరుస్తాను. ఒక్కో మడతనీ వేళ్లతో విడదీస్తూ, ఫోన్ టార్చి వాలుగా కొట్టి చూస్తాను. నల్లటి మసి గింజలు పర్లేదు. మిలమిల మెరిసే రేకులుంటే అయస్కాంతం పెట్టి చూస్తాను. అంటుకుంటే ఇనుము, ఉక్కు. అంటుకోకుండా మెత్తగా, గోరుతో నొక్కితే వంగేలా, వెండి రంగులోనో రాగి రంగులోనో ఉంటే అది బేరింగు.

నా కారు సంగతి. నాలుగు రిపోర్టుల్లో సీసం 4, 6, 5, 6. అయిదోదానిలో 14. రాగి అప్పటిదాకా 10, 12 మధ్య ఉండేది, ఈసారి 31. మైళ్లు దాదాపు అంతే, ఆయిల్ అదే. ల్యాబ్‌వాళ్లు "తర్వాతి శాంపిల్ త్వరగా పంపండి" అని రాశారు. అదే రోజు గ్యారేజీలో దాచిన ఫిల్టర్ తీసి పరిస్తే, ఒక మడతలో బియ్యపు నూకంత రాగి రంగు రేకు ఒకటి, ఇంకో మూడు చోట్ల దానికంటే చిన్నవి. అయస్కాంతానికి కదల్లేదు. చూడగానే కడుపులో తిప్పింది. బండి కదిలించకుండా టో చేయించి బేరింగులు విప్పించాను. పదహారు చిప్పల్లో అయిదింటికి పై పూత పోయి రాగి పొర ఎర్రగా బయటపడింది, వాటిలో ఒకదాని అంచు చితికిపోయి ఉంది. క్రాంక్ మీద గోరు తగిలే గీత లేదు. ఇంకో రెండు ట్రాక్ రోజులు ఆగి ఉంటే ఆ క్రాంక్ దక్కేది కాదని నాకనిపిస్తుంది.

మొదటి రిపోర్టుతోనే ఏమైనా తేల్చొచ్చా?

కూలెంట్, పెట్రోలు, దుమ్ము లాంటివి తేల్చొచ్చు. అరుగుదల గురించి మాత్రం మూడు రిపోర్టులు రానిదే మాట్లాడకూడదు, అవి కూడా అదే ఆయిల్, దాదాపు అన్నే మైళ్లు ఉండాలి. ల్యాబ్‌వాళ్లు మీ ఇంజన్ రకానికి సగటు అని ఒక వరుస ఇస్తారు. ఆ సగటులో ట్రాక్ ముఖం చూడని కార్లూ ఉంటాయి, రేపో మాపో పోయే ఇంజన్లూ ఉంటాయి. సగటు కంటే తక్కువుంటే మంచిదే, అయినా మీ కారుకి కొలబద్ద మీ కారే. నా సీసం 14 అన్నది ఇంకొకరి కారులో ఎప్పుడూ ఉండే అంకె కావచ్చు. నాకు దాన్ని భయంకరం చేసింది ముందున్న ఆ 4, 6, 5, 6.

రెండు ఆయిళ్లలో ఏది మంచిదో రిపోర్టుతో తేల్చుకోవచ్చా?

ఒక కారులో ఒక్కోటి ఒకసారి పోసి తేల్చలేరు. ఒకసారి ఎండాకాలం, ఒకసారి చలికాలం, ఒకసారి ట్రాక్, ఒకసారి లాంగ్ డ్రైవ్, పైగా పాత ఆయిల్ కొంత లోపలే మిగిలి కొత్తదానిలో కలుస్తుంది. ఇనుము 10 రావడం, 12 రావడం మధ్య తేడా ఆయిల్ గొప్పతనం కాదు.

ట్రాక్ కారు కొనబోతున్నాను, అమ్మేవాళ్ల ఆయిల్ టెస్ట్ చేయిస్తే చాలా?

ఆయన నిన్ననే ఆయిల్ మార్చి ఉంటే ఆ శాంపిల్‌తో ఏ ఉపయోగం లేదు, అది కొత్త ఆయిలే. పాత రిపోర్టులు అడగండి, వరుసగా ఉన్నవి. ఒక్కటే చూపిస్తే మిగతావి ఎక్కడ అని అడగండి.

ఇండియాలో చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, అక్కడ ఈ టెస్టులు ఎక్కువగా జనరేటర్లు, భారీ యంత్రాల కోసం చేస్తారు కాబట్టి ముందే ఫోన్ చేసి ఒక కారు శాంపిల్ తీసుకుంటారా, లోహాలతోపాటు 100 డిగ్రీల చిక్కదనం, పెట్రోలు శాతం ఇస్తారా అని అడగండి. మన దగ్గర దుమ్ము ఎక్కువ, సిలికాన్ గడి ఇక్కడికంటే అక్కడ ముఖ్యం. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, చిన్న ట్రిప్పులు ఎక్కువైతే ఆయిల్‌లో తేమ, ఆమ్లం చేరే అవకాశం ఉంది, మైళ్లు తిరగకపోయినా ఏడాదికోసారి మార్చేయండి.

బేరింగులు మార్పించాక మొదటి రిపోర్టు చూసి గుండె ఆగినంత పనైంది!

ఆగనివ్వకండి. కొత్త చిప్పలు సర్దుకునేటప్పుడు కాస్త పొడి వదులుతాయి, ఆయిల్ ఛాంబర్ సీలెంట్ సిలికాన్ వదులుతుంది, అసెంబ్లీ గ్రీజులోని మాలిబ్డినం కూడా కనిపిస్తుంది. కొత్త ఎం3కి 1,200 మైళ్లకే మొదటి ఆయిల్ మార్పించేది కూడా ఇలాంటి సర్దుబాటు పొడి కోసమే, నేను బేరింగుల తర్వాత కూడా అదే లెక్క పాటించాను. ఆ మొదటి ఆయిల్‌లో నాకు సిలికాన్ 38, రాగి 24 వచ్చాయి, దాని తర్వాతిదాంట్లో 11, 9. ఈ రెండోదాన్నే కొత్త మొదటి వరుసగా రాసుకుని, పాత అయిదు రిపోర్టుల్ని వేరే ఫైల్లో పెట్టాను. విప్పిన పాత చిప్పల్ని పారేయకండి, ఏది ఏ సిలిండర్‌దో, పైదో కిందిదో మార్కర్‌తో వెనక రాసి ఫోటోలు తీసి దాచుకోండి. మీ రిపోర్టులో ఏ అంకెకి ఏ అరుగుదల అన్నది వాటిని ఎండలో పట్టుకుని చూస్తే తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు.